పాలమూరు పోరుబాట – 7: మన్ననూరు అనే కాలాపానీ

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే ప్రతి బస్సూ మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నెమ్మదిస్తుంది. రాత్రి తొమ్మిది దాటితే గేటు పడిపోతుంది. తెల్లవారి ఆరు దాకా బండిని లోపలికి పోనియ్యరు. పులుల అడవి కనుక ఈ కట్టుబాటు. గేటు ఎప్పుడు తీస్తారా అని కార్లలో కునికిపాట్లు పడే యాత్రికులను అడిగి చూడండి, ఈ ఊరి గురించి వాళ్లకు తెలిసింది ఆ గేటు ఒక్కటే. 1938 నాటి హైదరాబాదు రాజకీయాల్లో మాత్రం మన్ననూరు పేరు వింటేనే గుండె జారేది. అండమాను జైలును తలచుకుని దీనికీ కాలాపానీ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది సర్కారు కాదు, సర్కారుకు ఎదురుతిరిగినవాళ్లు.

అలంపురం ప్రాంతపు ఇటిక్యాలపాడులో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టి కలంతో సర్కారును ఎట్లా సతాయించారో పోయిన వారం చెప్పుకున్నాం. ఆయన తిప్పలన్నీ నగరంలోనే, అచ్చు యంత్రానికీ హెచ్చరిక నోటీసులకూ నడుమ సాగాయి. ఈ వారం కథ ఘాటెక్కి నల్లమలలోకి పోతుంది. అమ్రాబాద్ చరిత్ర రాసేటప్పుడు మనవాళ్లు ప్రతాపరుద్రుని కోట గురించి రాస్తారు, ఉమామహేశ్వరం గురించి రాస్తారు, సలేశ్వరం జాతర గురించి రాస్తారు. 1938 గురించి రాయరు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ భాగం.

ఈ కథలోని ప్రధాన వ్యక్తి అమ్రాబాద్ మనిషి కాడు. తెలుగు ఇంట పుట్టినవాడూ కాడు. పండిత్ నరేంద్ర 1907 ఏప్రిల్ 10న హైదరాబాదులో ఒక కాయస్థ కుటుంబంలో పుట్టారు. కాయస్థులంటే తరతరాలుగా ఆసఫ్‌జాహీ దఫ్తర్లలో కలం పట్టినవాళ్లు. ఫారసీ, ఉర్దూ వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చేవి. అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఏదో ఒక కచేరీలో కుర్చీ సంపాదించి, నెల జీతం తీసుకుంటూ, ఏడో నిజాం పుట్టినరోజుకు నజరానా చదివించుకుంటూ బతికెయ్యాలి. నరేంద్రజీ ఆ దారి పట్టలేదు. ఆర్యసమాజంలో చేరి, లాహోరు పోయి దయానంద ఉపదేశక విద్యాలయంలో చదివి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. 1930లు నడిచేసరికి సుల్తాన్‌బజారు ఆర్యసమాజ వేదిక మీద ఆయన నిలబడితే వినడానికి జనం విరగబడేవారు. ఉర్దూలో ‘వైదిక్ ఆదర్శ్’ అనే వారపత్రిక నడిపారు. సర్కారు దాన్ని ఎక్కువ కాలం బతకనియ్యలేదు.

ఉర్దూలో అన్నది గమనించాలి. నిజాంకు ఎదురు నిలిచింది తెలుగు, మరాఠీ, కన్నడ జనాలు, నిజాం పక్షం మాట్లాడింది ఉర్దూ అని మనం ఒక తేలిక లెక్క వేసుకున్నాం. ఆ లెక్క తప్పు. నరేంద్రజీ ‘వైదిక్ ఆదర్శ్’ ఉర్దూ. మందుముల నరసింగరావు ‘రయ్యత్’ ఉర్దూ. 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన షోయబుల్లాఖాన్ నడిపిన ‘ఇమ్రోజ్’ కూడా ఉర్దూయే. ఏలినవాడి భాషలోనే ఏలినవాణ్ణి నిలదీస్తే ఆ దెబ్బ సూటిగా తగులుతుంది. కొత్వాలు అనువాదకుణ్ణి పిలిపించుకోవలసిన పని లేదు, పొద్దున్నే చదువుకుని పొద్దున్నే మండిపడతాడు.

గస్తీ నిశాన్ 53

ఆ రోజుల్లో నోరు విప్పడం అంటే ఏమిటో తెలియకపోతే మన్ననూరు సంగతి అర్థం కాదు. 1930కి కాస్త ముందు నుంచీ సంస్థానంలో ‘గస్తీ నిశాన్ 53’ అనే ఉత్తర్వు అమల్లో ఉంది. పది మంది కూడి సభ పెట్టుకోవాలంటే ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. సభ ఎందుకు, అధ్యక్షుడెవరు, మాట్లాడేదెవరు, ఏ విషయం మీద, అన్నీ రాసివ్వాలి. రాజకీయాల జోలికి పోమని హామీ ఇవ్వాలి. ఆ కాగితం ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి నడిచి నడిచి, సభ తేదీ దాటిన తర్వాత జవాబు వచ్చినా అడిగే దిక్కు లేదు. 1930లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు కూడా షరతులకు తల ఒగ్గితేనే అనుమతి దొరికింది. ఆ మహాసభ ఏం కోరిందని? బడులు, గ్రంథాలయాలు, బాల్యవివాహాల నిషేధం. వాటికే అంత తతంగం.

ఆర్యసమాజం వాళ్లకు ఇంకో మెలిక ఉండేది. వాళ్లు హోమం చేసుకునేందుకు ఒక కుండం కట్టుకుంటారు. అది కొత్త గుడి కిందికి వస్తుందని, అనుమతి లేకుండా కట్టరాదని అధికారులు అడ్డం పడేవారు. కుస్తీ అఖాడాల మీదా నిబంధనలే, సొంత బడుల మీదా నిబంధనలే. వీటన్నిటి మీదా మూడు శిక్షలుండేవి. వాటి పేర్లు ఆనాటి కార్యకర్తల నోళ్లలో నానినవే. ఒకటి జబాన్‌బందీ, అంటే ఫలానావాడు ఇక మీద ఉపన్యసించరాదు. రెండోది రాజ్య బహిష్కారం, ఉత్తరాది నుంచి వచ్చిన ఆర్య ప్రచారకులను ఇట్లాగే పొలిమేర దాటించేవారు. మూడోది నజర్‌బందీ, ఒక చోట కూర్చోబెట్టి కదలనియ్యకుండా కాపలా పెట్టడం.

నరేంద్రజీతో చిక్కేమిటంటే, ఆయన ముల్కీ. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. బయటి నుంచి వచ్చి గొడవలు రేపుతున్నారని సర్కారు ప్రతిదానికీ వల్లించే మాట ఈయన దగ్గర చెల్లదు. పొలిమేర దాటిస్తే షోలాపూరులోనో బెజవాడలోనో కూర్చుని ఇంకా గట్టిగా మాట్లాడతాడు, ఇంగ్లీషు పాలిత ప్రాంతపు పత్రికలు చెవి ఒగ్గి వింటాయి. నగరంలో జైల్లో పెడితే జైలు గేటు ముందే గుమికూడతారు. ఇక మిగిలిందేమిటి? రాజ్యం లోపలే రాజ్యానికి దూరమైన చోటు వెతకాలి. నా ఊహ ఏమిటంటే, అమ్రాబాద్ పేరు ఆ వెతుకులాటలోనే బల్ల మీదికి వచ్చి ఉంటుంది.

1938లో నరేంద్రజీని పట్టుకుని మన్ననూరుకు పంపారు. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లు.

గోడలు అక్కరలేని జైలు

ఆనాటి అమ్రాబాద్‌ను మనసులో గీసుకోవాలంటే ఇప్పటి నాలుగు వరసల రోడ్డు ప్రతిపాదనలనూ, హాజీపూర్ కూడలి దగ్గర బజ్జీల బండ్లనూ చెరిపెయ్యాలి. మహబూబునగర్ జిల్లాలో రైలు జడ్చర్ల, గద్వాల మీదుగా పోయేది. అమ్రాబాద్ ఆ పట్టాలకు తూర్పున చాలా దూరంగా, కొండల మీద ఉంది. కింది మైదానంలో జొన్న చేలు, చెరువులు, పటేళ్లు, పట్వారీలు. ఘాటెక్కితే వేరే లోకం. మద్ది, నల్లమద్ది, ఏగి, తునికి చెట్లు, వెదురు పొదలు, ఎండాకాలం వస్తే ఇసుక తప్ప ఏమీ కనిపించని వాగులు. దక్షిణాన లోయలో కృష్ణ. నది అవతల మదరాసు రాజధానికి చెందిన కర్నూలు జిల్లా. ఉన్నతాధికారులు ఇక్కడికి దౌరాకు వస్తే అది ఎక్కువగా షికారు కోసమే. నిజాం కాలపు షికారు విడిది ఫరహాబాద్ ఈ అడవిలోదే. దొరలకు వేటస్థలం, ఖైదీకి శిక్షాస్థలం, రెండూ ఒకే అడవి.

ఇక చలిజ్వరం. నల్లమలలో మలేరియా ఒక రుతువులా వచ్చి పోయేది. వానలు తగ్గుముఖం పట్టాక మొదలై చలికాలం దాకా పీడించేది. కొండ కింది ఊళ్ల రైతులు కూడా అడవిలో రాత్రి నిద్ర చెయ్యడానికి వెనకాడేవారు. చిన్న ఉద్యోగులను అమ్రాబాద్ బదిలీ చేస్తే సెలవు చీటీ ముందే రాసి పెట్టుకునేవారంటే ఆశ్చర్యపోనక్కరలేదు. నగరంలో పుట్టి పెరిగిన మనిషికి ఆ నేలకు అలవాటుపడిన ఒళ్లు ఉండదు. కొరడా, సంకెళ్లు, కటకటాలు ఏవీ అక్కరలేకుండానే ఇక్కడ శిక్ష అమలైపోతుంది. ఖైదీకి ఏమన్నా అయితే సర్కారు చేతికి మట్టి అంటదు, జ్వరం వచ్చి పోయాడని ఒక వాక్యం రాస్తే చాలు. ఇదే సంవత్సరం చివర, డిసెంబరులో, ఉద్గీరు ఆర్యసమాజ నాయకుడు శ్యామ్‌లాల్ బీదరు జైల్లో ప్రాణం విడిచారు. కనుక ఖైదీ చచ్చిపోతాడన్న భయం ఉత్త ఊహ కాదు.

కోర్టు, విచారణ, సాక్షులు, శిక్ష ఇన్నేళ్లని లెక్క, ఇవన్నీ ఉన్న చోట ఖైదీకి కనీసం ఒక తేదీ ఉంటుంది. ఫలానా రోజుకు బయటికి వస్తాను అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. నజర్‌బందీలో అది లేదు. పంపినవాడు పిలిచేదాకా ఉండాలి. నిరంకుశ పాలన ఏ దేశంలో నడిచినా, ఏ కాలంలో నడిచినా ఈ చిట్కాను కనిపెట్టకుండా ఉండలేదు. రష్యా జారు తన ప్రత్యర్థులను సైబీరియా పల్లెలకు పంపాడు. ముస్సోలినీ ఇటలీలో రచయిత కార్లో లేవీని 1935లో దక్షిణాన ఒక మారుమూల కొండపల్లెకు పంపారు. అక్కడా మలేరియాయే. దూరమూ దోమా కలిసి పోలీసు పని చేసిపెడతాయని రోములోనూ తెలుసు, హైదరాబాదులోనూ తెలుసు.

అయితే సర్కారు లెక్కలో ఒక పెద్ద పొరపాటు ఉంది. మన్ననూరును నిర్మానుష్యం అనుకున్నారు. అక్కడ మనుషులున్నారు. చెంచులు.

చెంచు పెంటను, అంటే వాళ్ల గూడేన్ని, దగ్గరగా చూసినవాళ్లకు అక్కడి గుడిసె గుర్తుండిపోతుంది. గుండ్రటి తడక గోడ, నడిమిట్ల ఒక నిట్టాడి, పైన గొడుగులా దిగిన గడ్డి కప్పు. తల వంచకుండా లోపలికి పోలేం. లోపల గంపలు, గొడ్డలి, విల్లు, అంబులు. పగలు మనుషులు ఇంట్లో ఉండరు. గడ్డలు తవ్వడానికో, ఇప్పపువ్వు ఏరడానికో, జిగురు గీరడానికో పోతారు. తేనె కాలంలో మగవాళ్లు లోయ అంచున చెట్టుకు తాడు కట్టుకుని బండ నెర్రెల్లోకి దిగుతారు. తాడు పట్టుకుని పైన నిలబడేది బామ్మర్ది. అక్క బతుకు తన చేతిలో ఉందని వాడికి తెలుసు కనుక తాడు వదలడని చెంచుల నమ్మకం. నగరపు మనిషిని భయపెట్టడానికి సర్కారు ఎంచుకున్న ఈ అడవి వాళ్లకు పుట్టినిల్లు, మెట్టినిల్లు.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రమైన పని చేసింది. నరేంద్రజీని ఇటు పంపిన రెండేళ్లకు, 1940లో, ఇంకో నిర్బంధితుడు ఇదే కొండ మీదికి వచ్చాడు. పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన హిందూదేశంలో ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. ఇంగ్లీషువాళ్ల దృష్టిలో శత్రుదేశపు మనిషి. చివరికి హైదరాబాదు సంస్థానం దాటి పోరాదన్న షరతు మీద వదిలారు. ఆయన ఆ షరతునే అదనుగా మార్చుకున్నాడు. అమ్రాబాద్ కొండ మీది చెంచుల మధ్య మకాం వేసి, వాళ్ల పెంటల్లో తిరిగి, 1943లో ‘ది చెంచూస్’ అనే పుస్తకం అచ్చు వేశాడు. ఆయన సిఫారసు మీదే సర్కారు సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం ప్రత్యేకంగా కేటాయించింది. ఒక నిర్బంధితుడి చేత సర్కారు పరిశోధన చేయించుకుంది, ఇంకో నిర్బంధితుడి నోరు మూయించింది. ఇద్దరికీ చోటు ఒకటే. తేడా ఎక్కడుంది? ఒకాయన చెంచుల గురించి మాట్లాడాడు, ఇంకొకాయన నిజాం గురించి మాట్లాడాడు.

అక్కడ ఆయన, ఇక్కడ ఆయన పేరు

నరేంద్రజీ అడవిలో ఉన్న కాలం హైదరాబాదు రాజకీయాలకు పురుటి నొప్పుల కాలం. 1938 ఒక్క ఏడాదిలో ఎన్ని జరిగాయో చూస్తే తల తిరుగుతుంది. ఏప్రిల్‌లో నగరంలోని ధూల్‌పేటలో మత కల్లోలాలు. సెప్టెంబరులో, ఇంకా పుట్టనైనా పుట్టని హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు మీద నిషేధం. సంస్థ ఏర్పడక ముందే దాన్ని నిషేధించిన ఘనత నిజాం ప్రధాని అక్బర్ హైదరీ ప్రభుత్వానిదే. అక్టోబరు 24న గోవిందరావు నానల్ నాయకత్వంలో మొదటి జట్టు సత్యాగ్రహం చేసి అరెస్టయింది. ఆ జట్టులో రావి నారాయణరెడ్డి ఉన్నారు. తర్వాత జట్ల వంతులో స్వామి రామానంద తీర్థ జైలుకు పోయారు. నవంబరులో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామంది నాగపూరు పోయి చదువు ముగించారు. పాములపర్తి వెంకట నరసింహారావు ఆ విద్యార్థుల్లో ఒకరు.

గద్వాలలో 1917లో పుట్టిన వావిలాల రామచంద్రరావు ఇంటిపేరు మారిపోయింది కూడా ఈ కాలంలోనే. ఆర్యసమాజ కార్యకర్తగా జైలుకు పోయి, కొరడా దెబ్బ పడ్డ ప్రతిసారీ వందేమాతరం అని అరిచాడు. కొట్టినవాడు అలసిపోయాడు గాని ఈయన ఆపలేదు. ఆ తర్వాత చనిపోయేదాకా లోకానికి ఆయన వందేమాతరం రామచంద్రరావు. మన జిల్లాల వాళ్లకు గద్వాల అంటే జరీ చీర, కోట, సంస్థానపు కవులు గుర్తొస్తారు. ఈ దెబ్బలు కూడా గుర్తుండాలి.

డిసెంబరు చివర షోలాపూరులో మాధవ శ్రీహరి అణే అధ్యక్షతన ఆర్య మహాసమ్మేళనం జరిగింది. 1939 మొదట్లో మహాత్మా నారాయణస్వామి ముందు నడవగా సత్యాగ్రహం మొదలైంది. పంజాబు నుంచి, సంయుక్త రాష్ట్రాల నుంచి, రాజపుతానా నుంచి రైళ్లలో జట్లు జట్లుగా దిగారు. గుల్బర్గా, ఔరంగాబాదు, వరంగల్లు, చంచల్‌గూడ జైళ్లు నిండిపోయాయి. వేల మందిని లోపల వేశారు. తిండి సరిపోలేదు, చోటు సరిపోలేదు. జైళ్లలో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఇంత పెద్ద కదలికకు కారణాలు అనేకం. 1937 చివర గుంజోటిలో ఆర్యసమాజ కార్యకర్త వేదప్రకాశ్ హత్య, తర్వాత కల్యాణిలో ధర్మప్రకాశ్ హత్య, శ్యామ్‌లాల్ మరణం, వీటితో పాటు నరేంద్రజీని మన్ననూరుకు పంపడం కూడా ఆర్యసమాజ వేదికల మీద పదేపదే వినబడింది. అడవిలోకి తోస్తే మనిషి మాయమవుతాడనుకున్నారు. మనిషి కనిపించలేదు, పేరు మాత్రం లాహోరు దాకా పోయింది.

1939 జులైలో నిజాం రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించాడు. ఆగస్టులో సత్యాగ్రహం ఆగింది. ఆ సంస్కరణల్లోని శాసనసభలో 85 మంది సభ్యులు. అందులో 42 మంది ఎన్నికయ్యేవాళ్లు, మిగతావాళ్లు సర్కారు పెట్టినవాళ్లు. ఎన్నికైనవాళ్లు ఎప్పటికీ ఒక్కరు తక్కువే ఉండేట్టు లెక్క కట్టారంటే ఆ కలం పట్టినవాడి తెలివిని మెచ్చుకోవలసిందే. ఆ సభ కూడా 1946 దాకా కొలువు తీరలేదు.

ఒక చేదు మాట

ఇక్కడిదాకా వచ్చాక ఒక సంగతి మాట్లాడకపోతే అది చరిత్ర కాదు, భజన అవుతుంది.

నరేంద్రజీ పోరాటం పౌరహక్కుల పోరాటమా, మత పోరాటమా? రెండూ. హోమగుండానికి అనుమతి అడగడం హక్కుల సంగతే, సభ పెట్టుకోవడం హక్కుల సంగతే. కానీ ఆర్యసమాజం శుద్ధి ఉద్యమాన్ని, అంటే ఇతర మతాల్లోకి పోయినవాళ్లను తిరిగి హిందువులుగా మార్చే ఉద్యమాన్ని, కూడా నడిపింది. అటు వైపు ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మత ప్రచారం ఊపందుకుంది. రెండు పక్కలా ఉపన్యాసాల్లో నిప్పులు కురిశాయి. ఆ నిప్పుకు కాలిన ఇళ్లు పేదవాళ్లవే. స్టేట్ కాంగ్రెసు నాయకులకు ఇదే ఇబ్బంది అయింది. తమ సత్యాగ్రహం, ఆర్యసమాజ సత్యాగ్రహం, హిందూ మహాసభ సత్యాగ్రహం ఒకేసారి నడుస్తుంటే చూసేవాడికి అన్నీ ఒకటిగానే కనిపించాయి. గాంధీజీ సలహా మీద 1938 డిసెంబరులో స్టేట్ కాంగ్రెసు తన సత్యాగ్రహాన్ని ఆపేసింది. రామానంద తీర్థ వంటివాళ్లు ఆ నిర్ణయానికి మనసులో ఎంత నలిగారో వేరే చెప్పాలా.

సర్కారుకు ఇది వరం. ప్రశ్నించినవాడల్లా మతోన్మాది అని ఒక ముద్ర తయారు చేసుకుంది. స్టేట్ కాంగ్రెసును కూడా మతసంస్థ అనే నెపం మీదే నిషేధించారు. వెట్టి గురించి అడిగినా, బడి గురించి అడిగినా, బాధ్యతాయుత ప్రభుత్వం గురించి అడిగినా అదే ముద్ర. ఆ ముద్రను ముఖం మీది నుంచి తుడుచుకోవడానికి ప్రతిపక్షానికి షోయబుల్లాఖాన్ రక్తం దాకా ఆగవలసి వచ్చింది. నరేంద్రజీని నేను తప్పుపట్టడం లేదు. ఆనాటి రాజ్యంలో రాజకీయం మాట్లాడే తలుపులన్నీ మూసేస్తే, తెరిచి ఉన్న ఒకే ఒక్క తలుపు మతానిది. ఆ తలుపు గుండానే రాజకీయం కూడా బయటికి వచ్చింది. వచ్చేటప్పుడు ఆ గుమ్మం రంగు అంటించుకుని వచ్చింది. ఇందులో సగం పాపం తలుపులు మూసినవాడిది.

తర్వాత

మన్ననూరు ఆయన్ను మార్చలేదు. తిరిగి వచ్చి మళ్లీ అదే వేదికలెక్కారు, అదే గొంతుతో మాట్లాడారు. 1947 డిసెంబరు 4న నిజాం కారు మీద బాంబు వేసిన నారాయణరావు పవార్ ఆర్యసమాజంలో తయారైన యువకుడే. పవార్‌కు ఉరిశిక్ష పడింది గాని రాజ్యమే ముందు కూలింది. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న ముగిసింది.

1952 ఎన్నికల తర్వాత కొలువు తీరిన హైదరాబాదు శాసనసభను తలచుకుంటే ముచ్చటేస్తుంది. పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆర్యసమాజ నాయకుడు వినాయకరావు విద్యాలంకార్ మంత్రి. వనపర్తి నుంచి గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి ఒక కుర్చీలో, నరేంద్రజీ ఇంకో కుర్చీలో. ఒకరికి హెచ్చరిక నోటీసులు, ఒకరికి అడవి. ఇద్దరినీ మాట్లాడనియ్యని నగరంలోనే ఇద్దరూ ప్రజాప్రతినిధులై కూర్చున్నారు. సురవరం ఆ కుర్చీలో ఎంతో కాలం లేరు, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

ఇంతలో అమ్రాబాద్ అడవి ఇంకో వేషం కట్టింది. పోలీసు చర్య తర్వాత కూడా సాయుధ పోరాటం కొనసాగించిన కమ్యూనిస్టు దళాలు మైదానంలో నిలవలేక కృష్ణ ఒడ్డున ఉన్న నల్లమలలోకి వచ్చాయి. 1949 నుంచి 1951 దాకా అమ్రాబాద్, అచ్చంపేట అడవుల్లో దళాలు తిరిగాయి. చెంచులు వాళ్లకు దారి చూపారు. అందుకు పోలీసుల చేతుల్లో దెబ్బలు తిన్నదీ చెంచులే. నిజాం తన శత్రువును దాచిపెట్టడానికి వాడుకున్న అడవిలోనే ఇప్పుడు కొత్త సర్కారు శత్రువులు తమను తాము దాచుకున్నారు. అర్ధశతాబ్దం తర్వాత నక్సలైట్ల కాలంలోనూ ఇదే అడవి, ఇదే చెక్‌పోస్టు, చెంచులకు అవే దెబ్బలు. రెండు తుపాకుల మధ్య నలిగిన పెంటల కథ వేరే భాగం అడుగుతుంది. ఆ భాగం రాస్తాను.

నరేంద్రజీ జీవితపు చివరి రోజుల్లో సన్యాసం తీసుకుని సోమానంద సరస్వతి అయ్యారు. 1976 సెప్టెంబరు 24న పోయారు. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద దేశమంతటా ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. పేరు నజర్‌బందీ కాదు, భాష ఉర్దూ కాదు, సంతకం నిజాంది కాదు. కానీ తేదీ లేని నిర్బంధమే అది కూడా. అమ్రాబాద్‌కు పక్క ప్రాంతమైన కల్వకుర్తి ఎమ్మెల్యే, కాంగ్రెసు వాడైన సూదిని జైపాల్‌రెడ్డి ఆ ఎమర్జెన్సీని ఒప్పుకోలేక పార్టీ వదిలి జనతాలో చేరారు. 1980లో మెదకులో ఇందిరాగాంధీ మీదే పోటీకి నిలబడి ఓడిపోయారు. పాలమూరు జిల్లాలో ఎదురు చెప్పే అలవాటు నిజాంతోనే పోలేదనడానికి అదొక గుర్తు.

అమ్రాబాద్ గురించి ఇంకొక్క మాట. ఇంతవరకు చెప్పిన వాళ్లలో ఎక్కువ మంది ఈ కొండ మీదికి బయటి నుంచి వచ్చినవాళ్లే. కొందరిని తెచ్చి పడేశారు, కొందరు తామే వచ్చి దాక్కున్నారు. 2019లో సంగతి వేరు. యురేనియం నిక్షేపాల కోసం అడవిలో బోర్లు వేస్తారన్న వార్త రాగానే అమ్రాబాద్, పదర మండలాల జనం తామే రోడ్డెక్కారు. రైతులు, చెంచులు, కిరాణా కొట్లవాళ్లు, చదువుకునే పిల్లలు కలిసి వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ రోజుల్లో ఊరేగింపుల్లో తిరిగినవాళ్లు, పోలీసు కేసులు మోసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల దగ్గర కరపత్రాలు, ఫోటోలు ఉంటే చిత్తుకాగితాల వాడికి అమ్మకుండా దాచిపెట్టమని నా మనవి.

*వచ్చే వారం: 1947, అప్పంపల్లి కాల్పులు. కొండ దిగి ఆత్మకూరు వైపు పోదాం.*